మీకు తెలుసా? చుక్కలు చెప్పే చాకు వయసు

అమెరికాలో పాత సామాన్ల సంతల్లో జేబు చాకుల కోసం గాలించేవాళ్లు ముందు పదును చూడరు. మడత విప్పి, బ్లేడు పిడిలోకి దిగే చోట కొట్టిన ముద్రను భూతద్దంతో పరీక్షిస్తారు.

పెన్సిల్వేనియాకు చెందిన కేస్ కంపెనీ వీళ్లకు పెద్ద సాయమే చేసింది. 1970లో తన ముద్ర కింద పది చుక్కలు పెట్టి, ఏటా ఒక్కోటి తీసేస్తూ వచ్చింది. ఏడు చుక్కలుంటే 1973 అన్నమాట. 1980లో మళ్లీ పదితో మొదలెట్టింది. కాకపోతే ఈసారి పేరులోని ‘ఎస్’ను మెరుపులా వంకర తిప్పారు. అది గమనించకుండా చుక్కలే లెక్కపెడితే పదేళ్లు తేడా కొడుతుంది!

కేస్ చాకు మీద కొట్టిన నమూనా అంకెలకూ అర్థముంది. 6254 అంటే 6 సాధారణంగా ఎముక పిడి, 2 బ్లేడ్ల సంఖ్య, 54 ట్రాపర్ అనే నమూనా.

జర్మనీలోని సోలింగెన్ చాకుల సంగతి వేరు. అమెరికా 1890లో చేసిన మెకిన్లీ సుంకాల చట్టంతో దిగుమతి సరుకు మీద దేశం పేరు తప్పనిసరైంది. అందుకే అమెరికా సంతలో చాకు మీద ‘జర్మనీ’ అని కనిపిస్తే సాధారణంగా 1891 తర్వాతిదే.

తళతళలాడే ‘పాత’ చాకంటే మాత్రం అనుమానించాల్సిందే. పాలిష్ చక్రం మీద పెడితే ముద్ర అరుగుతుంది, ధరా పడిపోతుంది. సెల్యులాయిడ్ పిడి ఉన్నవాటిని విడిగా ఉంచాలి. అది పాడవడం మొదలైతే వదిలే ఆవిర్లకు పక్కనున్న చాకులూ తుప్పు పడతాయి.