పన్నెండున్నర గంటల దూరం

శుక్రవారం ఉదయం 10 గంటలకు గచ్చిబౌలిలో ఒక ఇంజినీరుకు చిన్న సందేహం వచ్చిందనుకుందాం. అది తీర్చాల్సిన మనిషి శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉన్నాడు. వేసవి టైమ్ ప్రకారం అక్కడ అప్పటికి గురువారం రాత్రి 9:30. ఆయన మర్నాడు 9కి ఆఫీసుకొచ్చి మెసేజ్ చూసేసరికి ఇక్కడ శుక్రవారం రాత్రి 9:30. ‘ఏ వెర్షన్‌లో వస్తోంది?’ అని తిరిగి అడుగుతాడు. ఆ ప్రశ్నను ఇక్కడ సోమవారం ఉదయం చూస్తారు. దానికి బదులిస్తే, అసలు సమాధానం చేతికందేది మంగళవారం ఉదయం. పక్క సీట్లో ఉంటే రెండు నిమిషాల్లో తేలిపోయే సంగతికి నాలుగు రోజులు.

వెర్షన్ నంబరు, ఎర్రర్ స్క్రీన్‌షాట్, అప్పటికే చేసి చూసిన ప్రయత్నాలు మొదటి మెసేజ్‌లోనే ఉంటే సోమవారం ఉదయానికే పని కదిలేది. అవతలివాళ్లు మళ్లీ అడగక్కర్లేకుండా రాయడం దూరపు టీముల్లో కొత్తగా చేరినవాళ్లకు మొదటి వారంలోనే నేర్పాలి. చాలాచోట్ల టూల్స్ మీద గంటల కొద్దీ శిక్షణ ఇస్తారు గానీ ఈ విషయం ఎత్తరు.

మన గడియారానికి ఆధారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం. అది కాకినాడ జిల్లాలో తుని దగ్గరగా పోతుంది. ఏడాది పొడవునా మనం గ్రీనిచ్ కన్నా ఐదున్నర గంటలు ముందుంటాం. మారేవి అవతలి గడియారాలే. శాన్‌ఫ్రాన్సిస్కోతో తేడా వేసవిలో 12:30 గంటలు, చలికాలంలో 13:30. న్యూయార్క్‌తో 9:30, 10:30. లండన్‌తో 4:30, 5:30. పైగా అమెరికా మార్చి రెండో ఆదివారం గడియారం ముందుకు జరుపుతుంది, బ్రిటన్ అదే నెల చివరి ఆదివారం జరుపుతుంది. మూడు దేశాలవాళ్లు కలిసే కాల్ ఆ రెండు మూడు వారాలు ఎవరో ఒకరికి గంట అటూఇటూ అవుతుంది.

ఇక్కడ ఆఫీసు ఉదయం 9:30 నుంచి సాయంత్రం 6:30 దాకా, అక్కడ 9 నుంచి 5:30 దాకా అనుకుంటే, లండన్‌తో కలిసి పనిచేసే వేళ చలికాలంలో 4 గంటలు, వేసవిలో 5. న్యూయార్క్‌లో వేసవి ఉదయం 9 అంటే మనకు సాయంత్రం 6:30, అంటే ఉమ్మడి వేళ సున్నా. శాన్‌ఫ్రాన్సిస్కోతో సరేసరి. ఈ సున్నాను ఏ మేనేజరూ నేర్పుతో పెంచలేడు. ఎవరో ఒకరు తమ రాత్రిని ఇవ్వాలి.

సాధారణంగా ఇచ్చేది మనవాళ్లే. పిల్లలకు అన్నం పెట్టి పడుకోబెట్టే వేళకు హెడ్‌సెట్ తగిలించుకోవాలి. వారానికో కాల్ అయితే ఏడాదికి 52 రాత్రులు. వంతులేసుకుంటే చెరి 26. మన ఉదయం 9:30 అంటే వేసవిలో శాన్‌ఫ్రాన్సిస్కోవాళ్లకు ముందురోజు రాత్రి 9 కాబట్టి, మన సోమవారం కాల్ వాళ్ల ఆదివారాన్ని తినేస్తుంది. మంగళవారం నుంచి శుక్రవారం లోపు పెట్టుకోవడం మర్యాద.

అసలు అన్ని కాల్స్ అవసరమా అన్నది చూడాలి. 12 మంది టీములో ఇద్దరిద్దరి మధ్య బంధాలు 66. ఊరికి ఆరుగురు చొప్పున విడిపోతే ఒకే ఊళ్లో తేలేవి 30, సముద్రం దాటాల్సినవి 36. ఒక మాడ్యూల్‌ను రెండు ఊళ్లకూ సగం సగం పంచితే ఆ 36 రోజూ బరువే. మాడ్యూల్ మొత్తం ఒకే ఊరికి అప్పగిస్తే చాలావరకు తగ్గుతుంది.

గంటల లెక్క సరిచేసినా మనుషుల మధ్య మౌనం మిగులుతుంది. డచ్ పరిశోధకుడు గీర్ట్ హాఫ్‌స్టెడ్ 1967-73 మధ్య ఐబీఎం ఉద్యోగుల నుంచి లక్షకు పైగా సర్వే పత్రాలు సేకరించి, పైఅధికారికి, కిందివాళ్లకు మధ్య అంతరాన్ని జనం ఎంతవరకు సహజమనుకుంటారో కొలిచారు. భారత్‌కు 77, అమెరికాకు 40, జర్మనీకి 35 వచ్చాయి. అర్ధశతాబ్దం కిందటి, ఒకే కంపెనీ లెక్కలివి. వీటితో ఎదుటి మనిషిని తూచకూడదు. కానీ ఒక జాగ్రత్త నేర్పుతాయి. పెద్ద హోదాలో ఉన్నాయన కాల్‌లో ‘శుక్రవారానికి అయిపోతుందిగా?’ అంటే, అవదని తెలిసినా ఇక్కడి జూనియర్ సరే సార్ అంటాడు. ‘శుక్రవారానికి ఏమేం మిగిలిపోతాయి?’ అని అడిగితే అదే కుర్రాడు మూడు అడ్డంకులు చెబుతాడు. ముందు జూనియర్లను మాట్లాడనిచ్చి, సీనియర్లు చివర్లో నోరు తెరిస్తే ఇంకా బయటపడతాయి.

ఈ కథనం చదివే మేనేజర్లకు ఒక విన్నపం. మీ క్యాలెండర్‌లో గత మూడు నెలల కాల్స్ తీయండి. రాత్రి 8 తర్వాత పడినవి ఏ ఊరికి ఎన్నో లెక్కపెట్టండి. భారమంతా ఒకే ఊరి మీద ఉంటే వచ్చే వారం నుంచే వంతులు మార్చండి.