బిస్కెట్ల ఆటలో బామ్మల లెక్క

మా మనవడు పీయూసీ కామర్స్ విద్యార్థి. చక్రవడ్డీ తలకెక్కడం లేదంటూనే కంప్యూటర్లో కుకీ క్లిక్కర్ ఆడుతుంటే పక్కన కూర్చున్నాను. ఫ్రాన్సుకు చెందిన జూలియన్ తియెన్నో 2013 ఆగస్టులో విడుదల చేసిన ఆట ఇది. తెరమీద ఒక పెద్ద బిస్కెట్టు. ఒకసారి నొక్కితే ఒకటి జమ. వంద జమయితే ఒక బామ్మను కొనవచ్చు. ఇక ఆవిడే కాల్చి పెడుతూంటుంది. బామ్మను కొనడమేమిటని నాకు అప్పుడే అనిపించింది.

కొన్న ప్రతిసారీ ధర 15 శాతం పెరుగుతుంది. మొదటి బామ్మ 100, రెండవ బామ్మ 115, పదకొండవ బామ్మ 405. బారువడ్డీ లెక్కన అయితే 250 మాత్రమే. నోట్సులో అర్థం కానిది వాడికి ఇక్కడ అర్థమయింది.

తరువాత ఆట తీరు మారుతుంది. మరింత లాభం కోసం బామ్మల మనసులన్నీ ఒకటిగా కలిపే పరిశోధన అమ్మకానికి వస్తుంది. ఫలితం బాగుండకపోవచ్చు, అయినా కొంటారా అని ఆటే అడుగుతుంది. మావాడు చదవకుండానే సరే అని నొక్కాడు. (కౌంటరు దగ్గర అలా సంతకాలు పెట్టినవారిని ఎందరినో చూశాను.) ముద్దుగా ఉన్న బామ్మల ముఖాలు క్రమంగా వికృతమయ్యాయి. జలగల్లాంటి పురుగులు బిస్కెట్టు చుట్టూ చేరాయి. చిన్నపిల్లలు జడుసుకుంటారు, తల్లిదండ్రులు గమనించాలి.

బామ్మలను శాంతింపజేయడానికి రెండు దారులు. ప్రతిజ్ఞ మామూలుగా అరగంటే పనిచేస్తుంది, పైగా దాని ఖరీదు పెరుగుతూ పోతుంది. ఒడంబడిక అయితే రద్దు చేసేదాకా శాంతి, కాని ఉత్పత్తిలో 5 శాతం కోత.

"రెండూ వద్దు తాతయ్యా. పురుగును చంపితే అది తిన్నదానికి పది శాతం కలిపి తిరిగొస్తుంది."

"లెక్క సరిగానే ఉంది. మరి బామ్మల సంగతి?"

వాడు జవాబు చెప్పలేదు. ఒడంబడిక ధర ఎంతో చూడసాగాడు.