అత్త మీద కోపం, రంగం కూలీ మీద

వెనకటికో కోడలు అత్త మీద కోపం దుత్త మీద చూపిందట. మన పెద్దలు ఒక్క ముక్కలో తేల్చేసిన ఈ సంగతి మీద 1939లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన ఐదుగురు పరిశోధకులు ఏకంగా ఒక పుస్తకం రాశారు. అనుకున్నది దక్కనివాడికి కోపం వస్తుంది, ఆ కోపాన్ని అసలు కారకుడి మీద చూపే ధైర్యం లేకపోతే తిరిగి కొట్టలేని ఇంకెవరి మీదికో మళ్ళిస్తాడు అని జాన్ డొలార్డ్, ఆయన సహచరులు వాదించారు. పేదవాని కోపం పెదవికి చేటు కదా. అందుకే అది తనకన్నా పేదవాణ్ణి వెతుక్కుంటుంది.

అయితే సామెత చెప్పని సంగతి ఒకటుంది. వంటింట్లో అన్ని కుండలుండగా ఆ దుత్తే ఎందుకు పగిలింది? దాన్ని కోడలి చేతికి ఎవరైనా అందించారా? రాజకీయ ప్రచారాల విషయంలో అడగాల్సిన ప్రశ్న ఇదేనని నాకనిపిస్తుంది. ఉదాహరణ కోసం హిట్లర్ దాకా వెళ్ళక్కర్లేదు. ఒకప్పుడు ఆ దుత్త మనమే.

1930 నాటికి బర్మాలోని రంగూన్ రేవులో ఓడలకు సరుకు ఎక్కించి దించే కూలీల్లో ఎక్కువమంది తెలుగువాళ్ళు. నేటి శ్రీకాకుళం, విశాఖ, గోదావరి తీరాల నుంచి మేస్త్రీల వెంట ఓడెక్కి పోయినవాళ్ళు. ఇక్కడ మనవాళ్ళు ఆ ఊరిని రంగం అనేవారు. అక్కడివాళ్ళు మనవాళ్ళను కోరంగీలు అనేవారు. కాకినాడ పక్కనున్న కోరంగి రేవు పేరు అలా ఒక జనానికే పేరైపోయింది. 1931 జనాభా లెక్కల ప్రకారం రంగూన్ నగరంలో సగానికి పైగా భారతీయులే.

1930 మే నెలలో కూలి పెంచమని తెలుగువాళ్ళు సమ్మె చేశారు. ఓడల కంపెనీలు వాళ్ళ స్థానంలో బర్మా కూలీలను పెట్టుకున్నాయి. తర్వాత రాజీ కుదిరింది, పాతవాళ్ళను తిరిగి పిలిచారు. మే 26న మామూలుగా పనికొచ్చిన బర్మా కూలీలకు మీరిక అక్కర్లేదన్నారు. అవసరానికి వాడుకుని వదిలేసింది కంపెనీ. కానీ కంపెనీ వెనక తెల్లదొరల ప్రభుత్వం, పోలీసులు ఉన్నారు. ఎదురుగా ఉన్నది తలగుడ్డ చుట్టుకున్న కోరంగీ. కోపం అతని మీదికి మళ్ళింది. అల్లర్లు కొన్ని రోజులు సాగాయి. వందమందికి పైగా చచ్చిపోయారు, వాళ్ళలో ఎక్కువమంది తెలుగు కూలీలే.

బర్మావాళ్ళ బాధ అబద్ధం కాదు, అది మనం ఒప్పుకోవాలి. ఆర్థిక మాంద్యంలో వరి ధర పడిపోయింది. అప్పులు తీర్చలేని రైతుల భూములు తమిళ చెట్టియార్ల చేతికి పోయాయి. దిగువ బర్మా ప్రధాన వరి జిల్లాల్లో 1930లో చెట్టియార్ల కింద ఉన్నది ఆరు శాతం భూమి, 1938కి అది పాతిక శాతమైంది. కానీ భూమి రాయించుకున్న చెట్టియారుకూ, రేవులో బస్తా మోసే సింహాచలానికీ ఏం సంబంధం? బర్మా భాషలో ఇద్దరికీ ‘కలా’ అనే ఒక్క మాట ఉంది, అంతే. షావుకారు మీద కోపం ఆ మాట మీదుగా కూలీ దాకా నడిచొచ్చింది.

యేల్ సిద్ధాంతానికి మద్దతుగా 1940లో హోవ్‌లాండ్, సియర్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక లెక్క చూపించారు. 1882 నుంచి 1930 వరకు అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో పత్తి ధర తగ్గిన ఏళ్ళలో నల్లవాళ్ళను మూకలు చంపిన ఘటనలు పెరిగాయన్నారు. పాఠ్యపుస్తకాలన్నీ దీన్ని ఎత్తి రాసుకున్నాయి. 1998లో డోనల్డ్ గ్రీన్ బృందం అదే లెక్కను 1930 తర్వాతి ఏళ్ళకూ పొడిగించి చూసింది. మహామాంద్యంలో పత్తి ధర కుప్పకూలింది, హత్యలు మాత్రం సిద్ధాంతం చెప్పినట్టు పెరగలేదు. న్యూయార్క్ నగరంలోనూ నిరుద్యోగానికీ విద్వేష నేరాలకూ పొంతన కనిపించలేదు. కరవు ఒక్కటే చాలదేమో, ఫలానావాళ్ళ వల్లే మీకీ గతి అని వేలెత్తి చూపే నాయకుడు కూడా కావాలేమో అని వాళ్ళ ఊహ. నాకు మటుకు ఇది యేల్ వాళ్ళ మాట కన్నా సబబుగా తోస్తుంది.

బర్మాలో అలాంటి వేలు దొరికింది. 1937లో బర్మా భారతదేశం నుంచి విడిపోయి, బా మా ప్రధాని అయ్యాడు. ఆయన ప్రత్యర్థి ఊ సా చేతిలో ‘తూరియ’ అనే పత్రిక ఉంది. ఆ మాటకు సూర్యుడని అర్థం. బౌద్ధాన్ని కించపరిచే పాత పుస్తకం ఒకటి 1938లో పత్రికలకెక్కి రచ్చయింది. రాసినవాడు బర్మా ముస్లిం. జులై 26న మొదలైన అల్లర్లలో మాత్రం భారతీయులు పెద్ద ఎత్తున దెబ్బతిన్నారు. విచారణ సంఘం బర్మా పత్రికల రాతలను గట్టిగా తప్పుపట్టింది. 1939లో బా మా ప్రభుత్వం పడిపోయింది. 1940లో ఊ సా ప్రధాని పీఠమెక్కాడు.

ఇలాంటి ప్రచారానికి మన బుర్ర కూడా సాయపడుతుంది. 1976లో హామిల్టన్, గిఫర్డ్ చేసిన ప్రయోగం చూడండి. రెండు గుంపుల మనుషుల గురించి 39 వాక్యాలు చదివించారు. పెద్ద గుంపు గురించి 18 మంచి పనులు, 8 చెడ్డవి. చిన్న గుంపు గురించి 9 మంచివి, 4 చెడ్డవి. నిష్పత్తి రెండింటికీ ఒకటే. అయినా చదివినవాళ్ళు చిన్న గుంపే ఎక్కువ చెడ్డదని లెక్కగట్టారు. తక్కువమంది ఉన్న గుంపు కంట్లో పడుతుంది, చెడ్డ పని కూడా కంట్లో పడుతుంది. రెండూ కలిసినప్పుడు మనసులో ముద్ర పడిపోతుంది. ఎవరికీ ముందుగా ద్వేషం లేదు, గుంపులకు పేర్లు కూడా లేవు, ‘ఎ’, ‘బి’ అంతే.

ప్రచార నిపుణులు ఈ ప్రయోగాలు చదివారో లేదో గానీ కిటుకు మాత్రం వాళ్ళకు బాగా తెలుసు. 1988 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో బుష్ మద్దతుదారులు టీవీలో ఒక ప్రకటన వేశారు. మసాచుసెట్స్‌లో హత్యానేరానికి శిక్ష పడ్డ విలీ హార్టన్, వారాంతపు సెలవు మీద జైలు నుంచి బయటికొచ్చి పారిపోయి మరో రాష్ట్రంలో ఘోరానికి ఒడిగట్టాడు. మసాచుసెట్స్ గవర్నరు డుకాకిస్, బుష్ ప్రత్యర్థి. ఆ సెలవుల పద్ధతిని 1972లో మొదలుపెట్టింది బుష్ పార్టీకే చెందిన గవర్నరు. ప్రకటనలో ఆ సంగతి లేదు. ‘నల్లవాడు’ అన్న మాటా లేదు, నల్లవాడి ఫొటో మాత్రం ఉంది. రాజనీతి పరిశోధకురాలు తాలి మెండెల్‌బర్గ్ ఈ ఎన్నికను అధ్యయనం చేసి 2001లో పుస్తకం రాశారు. జాతి ఊసెత్తకుండా సాగినంత కాలం ఆ ప్రచారం తెల్లవాళ్ళలోని దురభిప్రాయాన్ని తట్టిలేపిందనీ, అక్టోబరులో నల్లజాతి నాయకుడు జెస్సీ జాక్సన్ ఇది జాతి ద్వేషమని బాహాటంగా అన్నాక దాని పస తగ్గిందనీ ఆమె తేల్చారు. గుట్టుగా ఉన్నంతసేపే చెల్లే సరుకన్నమాట. ఈ రోజుల్లో కొందరు నాయకులు గుట్టు కూడా అక్కర్లేదనుకుంటున్నారు, అది వేరే వ్యాసం.

మళ్ళీ బర్మాకొస్తే, భారతీయులు నిజంగానే స్థానికుల పొట్ట కొట్టారా అని తేల్చడానికి అక్కడి ప్రభుత్వం జేమ్స్ బాక్స్టర్ అనే అధికారిని నియమించింది. భారతీయ కూలీలు మొత్తం మీద బర్మావాళ్ళ పనికి తోడయ్యారే గానీ పోటీ కాలేదని ఆయన నివేదిక ఇచ్చాడు. అది చేతికందేసరికి ప్రధాని కుర్చీలో ఊ సా ఉన్నాడు. 1941లో భారతీయుల వలసను కట్టడి చేసే ఒప్పందం మీద సంతకాలు జరిగాయి.