ఎడిటర్‌లో వెలిగే బల్బు

ప్రోగ్రామ్ రాసేటప్పుడు తప్పు దొర్లిన చోట కోడ్ ఎడిటర్ ఎర్రగీత గీస్తుంది. దాన్ని సరిదిద్దే దారి కూడా అక్కడే చూపిస్తే ఆ సూచనను క్విక్ ఫిక్స్ అంటారు. విజువల్ స్టూడియో కోడ్‌లో కర్సర్‌ను ఆ గీత మీద పెడితే చిన్న బల్బు వెలుగుతుంది. కంట్రోల్, చుక్క కలిపి నొక్కితే సవరణల జాబితా తెరుచుకుంటుంది. టైప్‌స్క్రిప్ట్ వంటి భాషలకు ఈ సదుపాయం ఎడిటర్‌తో పాటే వస్తుంది. ఒక సంస్థ సొంతానికి తయారుచేసుకున్న చిన్న భాషకో, సెట్టింగుల ఫైలుకో కావాలంటే మాత్రం ప్లగిన్ రాసేవారే సమకూర్చుకోవాలి.

ముందుగా ప్లగిన్ ఫైలును పరిశీలించి, దొరికిన ప్రతి తప్పుకూ ఒక డయాగ్నోస్టిక్ తయారుచేస్తుంది. తప్పు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసింది, ఎంత తీవ్రమైనది, వాడేవారికి ఏ సందేశం చూపాలి అన్నవి అందులో ఉంటాయి. తప్పు రకాన్ని తెలిపే గుర్తింపు కోడ్‌నూ జతచేయవచ్చు. చాలామంది దీన్ని వదిలేసి, సందేశంలోని మాటలను బట్టే తప్పును గుర్తుపట్టాలని చూస్తారు. రేపు ఎవరో ఆ సందేశాన్ని కాస్త తేటగా తిరగరాస్తే సవరణ పనిచేయడం మానేస్తుంది. అందుకే గుర్తింపు కోడ్ తప్పక ఉండాలి.

ఆ తర్వాత సవరణలను సూచించే ప్లగిన్ భాగం, అంటే కోడ్ యాక్షన్ ప్రొవైడర్ వంతు. కర్సర్ ఉన్న చోటునూ అక్కడి డయాగ్నోస్టిక్‌లనూ ఎడిటర్ దానికి అందిస్తుంది. ‘ప్రింట్’ ఆదేశాన్ని ఇంగ్లిషులో టైపు చేస్తూ చివరి రెండు అక్షరాలు తారుమారు చేశారనుకుందాం. భాషకు తెలిసిన ఆదేశాల్లో ఆ మాటకు అతి దగ్గరగా ఉన్నదేదో ప్రొవైడర్ వెతకాలి. రష్యన్ శాస్త్రవేత్త లెవెన్‌ష్టైన్ 1965లో ప్రతిపాదించిన దూరం (ఒక మాటను మరొకటిగా మార్చడానికి కావలసిన అక్షర మార్పుల సంఖ్య) ప్రకారం ఇక్కడి తేడా 2. పక్కపక్క అక్షరాల తారుమారును ఒకే తప్పుగా లెక్కించే డామెరో పద్ధతిలో 1. చేతి పొరపాట్లకు రెండోదే నప్పుతుంది.

ప్రొవైడర్ ఫైలును తాను ముట్టుకోదు. ఎక్కడి నుంచి ఎక్కడి వరకు తీసేసి ఏం పెట్టాలో రాసి ఇస్తుంది, మార్చేది ఎడిటర్. అందువల్ల నచ్చకపోతే ఒక్క అన్‌డూతో పాత పాఠం తిరిగి వస్తుంది. జాబితాలో ఒక సవరణకు ‘ప్రాధాన్యం’ గుర్తు పెట్టే వీలుంది. ఆ గుర్తున్న దాన్ని ఆటో ఫిక్స్ ఆదేశం జాబితా చూపకుండానే అమలు చేస్తుంది కాబట్టి, సరైన జవాబు ఒక్కటేనని నిశ్చయమైనప్పుడే పెట్టాలి. దగ్గరి మాటలు రెండు ఉంటే రెండూ చూపి ఎంపిక మనిషికి వదలడమే న్యాయం.

ఒకే ప్లగిన్ పలు ఎడిటర్లలో పనిచేయాలంటే ఈ తర్కాన్ని వేరే సర్వర్‌లో ఉంచి, మైక్రోసాఫ్ట్ 2016లో ప్రకటించిన లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్ ద్వారా మాట్లాడించాలి. తెలుగు పాఠం ఉన్న ఫైళ్లలో చిక్కు వచ్చేది ఇక్కడే. ఈ ప్రోటోకాల్ వరుసలోని స్థానాన్ని మామూలుగా యూటీఎఫ్-16 యూనిట్లలో లెక్కిస్తుంది. గో, రస్ట్ భాషల్లో రాసిన సర్వర్లు యూటీఎఫ్-8 బైట్లలో లెక్కించడం సాధారణం. తప్పుకు ముందు అదే వరుసలో ‘పేరు’ అన్న మాట ఉందనుకుందాం. యూటీఎఫ్-16లో అది 4 యూనిట్లు, యూటీఎఫ్-8లో 12 బైట్లు. మార్పిడి చేయకుండా పంపితే సవరణ 8 స్థానాలు కుడికి జరిగి, బాగున్న కోడ్‌ను చెరుపుతుంది. ఇంగ్లిషు అక్షరాలకు రెండు లెక్కలూ ఒకటే కాబట్టి ఇంగ్లిషు ఫైళ్లతో మాత్రమే పరీక్షిస్తే ఈ లోపం బయటపడదు. ఏ లెక్క వాడాలో సర్వర్, ఎడిటర్ ముందే ఒప్పందం చేసుకునే ఏర్పాటు 3.17 వెర్షన్‌లో వచ్చింది. అయినా ఆ ఏర్పాటు లేని ఎడిటర్ల కోసం మార్పిడి రాసి ఉంచుకోవాలి. తెలుగు మాట, ఎమోజీ రెండూ ఉన్న వరుసను పరీక్షల్లో చేర్చాలి.