మీకు తెలుసా? రాకాసి గుళ్లలో రాకాసులు లేరు

తెలంగాణ పల్లెల్లో పొలం గట్టునో గుట్ట పక్కనో పెద్ద పెద్ద గుండ్లు గుండ్రంగా పేర్చి కనిపిస్తే వాటిని రాకాసి గుళ్లు అంటారు. కొన్నిచోట్ల పాండవుల గుళ్లు అంటారు. అంతేసి రాళ్లు మామూలు మనుషుల వల్ల కదలవు కాబట్టి ఏ రాకాసో, ఏ భీముడో ఎత్తి పెట్టి ఉంటాడని పెద్దల నమ్మకం. నిజానికి అవి సమాధులు. ఇనుము వాడటం నేర్చిన తొలి తరాలు తమవాళ్లను సాగనంపిన చోట్లు. వలయం నడుమ, నేల లోపల, నాలుగు వైపులా రాతి పలకలు నిలిపి పైన మరో పలక కప్పిన చిన్న గది ఉంటుంది. కొన్నింటికి ఒక పలకలో గుండ్రటి కంత కూడా తొలిచారు.

పిల్లల్ని తీసుకెళ్తే, "ఏముంది ఇక్కడ, రాళ్లే కదా!" అనడం ఖాయం. ఆ రాళ్లనే లెక్కపెట్టమనండి. మొదటి రాయి మీద ఓ ఆకు పెట్టుకోకపోతే ఎక్కడ మొదలెట్టారో మర్చిపోతారు, అక్కకో లెక్క, తమ్ముడికో లెక్క వస్తుంది. మళ్లీ మొదటికొస్తారు. మూడోసారికి ఏ రాయి నేలలో కూరుకుపోయిందో, ఎక్కడ ఒక రాయి లేక ఖాళీ ఉందో వాళ్లే చూపిస్తారు. ఇంటికొచ్చాక పెరట్లో ఒక మేకు పాతి, తాడు కట్టి, తాడు వదులు కాకుండా చుట్టూ తిరగమనండి. పుస్తకంలోని వృత్తం, వ్యాసార్థం అప్పుడు కాళ్లకు తెలుస్తాయి.

ఈ సమాధుల్లో దొరికే కుండలు బయట ఎరుపు, లోపల నలుపు. రంగు పూసి కాదు. కుండను బోర్లించి కాలిస్తే లోపలికి గాలి ఆడదు, అందుకని లోపలి వైపు, మూతి అంచు నల్లబడతాయి. గాలి తగిలిన బయటి వైపు ఎర్రగా కాలుతుంది. ఒక్క పెంకు అంచును పక్కనుంచి చూస్తే చాలు, ఎరుపూ నలుపూ ఎక్కడ కలిశాయో పాపాయికి కూడా తెలుస్తుంది. చూశాక పెంకును కదల్చకుండా అక్కడే వదిలేయాలి. అది ఎక్కడ ఉందన్నదే పరిశోధకులకు సగం సమాచారం. ఇంటికి తెచ్చుకుంటే అది ఉత్త పెంకు.

గుప్తనిధుల ఆశతో ఈ సమాధుల్ని రాత్రికి రాత్రి తవ్వేసేవాళ్లున్నారు. లోపల దొరికేవి చాలావరకు ఎముకలు, కుండలు, ఇనుప పనిముట్లు, పూసలు. ఇక చదును చేసిన పొలాల కింద, క్రషర్ల నోట్లో పోయిన వలయాలెన్నో! తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

ఊళ్లదాకా వెళ్లే వీలు లేదా? గచ్చిబౌలిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలోనే ఇలాంటి సమాధులు తవ్వకాల్లో బయటపడ్డాయి.

వెళ్లగలిగితే మాత్రం నారాయణపేట జిల్లా ముడుమాల్‌కు వెళ్లండి, కృష్ణా తీరాన. ఇక్కడివి వలయాల కంటే నిలువురాళ్లుగానే పేరుపడ్డాయి. 10 నుంచి 14 అడుగుల ఎత్తున్నవి దాదాపు 80. వాటి చుట్టూ వరసలు కట్టిన చిన్న రాళ్లు 3000 దాకా ఉంటాయి. వీటి వయసు 3500 ఏళ్ల పైమాటేనని పరిశోధకుల అంచనా. ఏటా కొన్ని ప్రత్యేకమైన రోజుల్లో సూర్యుడు ఉదయించే, అస్తమించే దిక్కులకు ఈ వరసలు సరిపోతాయని కూడా వాళ్లు చెబుతారు. ఒక నిలువురాయిని ఊరివాళ్లు ఎల్లమ్మగా కొలుస్తారు. అందుకే చెప్పులు ఎక్కడ విడవాలో ఊరివాళ్లను అడిగి వెళ్లడం మర్యాద. 2025లో ఈ చోటు యునెస్కో ప్రపంచ వారసత్వ సంపద తాత్కాలిక జాబితాలోకి చేరింది.

పిల్లలకు నచ్చేది ఇంకొకటుంది. అక్కడ ఒక రాతి మీద చిన్న చిన్న గుంటలు తొలిచారు. వాటిలో కొన్ని సప్తర్షి మండలం ఆకారంలో ఉన్నాయి. మిట్టమధ్యాహ్నం వెళ్తే ఏమీ కనిపించదు. పొద్దు వాలాక, ఏటవాలు ఎండకు ఒక్కో గుంటలో నీడ నిండుతుంది. అప్పుడు పిల్లల చూపుడు వేలు ఒక గుంట నుంచి ఇంకో గుంటకు తిరుగుతుంటే చూడాలి! ఏప్రిల్ నెలైతే ఇంకాసేపు ఉండండి. చీకటి పడ్డాక ఉత్తరం వైపు తలెత్తితే అవే ఏడు చుక్కలు పైన.