తెగిన పోగును దాచవద్దు

ధర్మవరం, పెనుకొండ, హిందూపురం - ఈ మూడు ఊళ్లూ బెంగళూరుకు వెళ్లే రైలు మార్గంలో ఉన్నాయి. 2022లో ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలోనివే ఈ మూడూ. ధర్మవరం అనగానే మనకు పట్టుచీర గుర్తుకు వస్తుంది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుండి కియా కార్లు తయారవుతున్నాయి. హిందూపురం నుండి బెంగళూరు సుమారు 100 కిలోమీటర్లే గనుక, ఈ ప్రాంతపు యౌవనస్థులు సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు ఆ నగరం చేరుతున్నారు. మగ్గానికి, కారుకు, కంప్యూటరుకు ఏమి సంబంధమని మీరు అడగవచ్చు. సంబంధం ఉన్నది. మన బిడ్డల ఉద్యోగ జీవితానికి పనికివచ్చే పాఠం కూడ అందులోనే ఉన్నది.

మగ్గం మీది అట్టలు

పట్టుచీర నేసే మగ్గంపైన జకార్డు అనే పరికరాన్ని మీలో చాలామంది చూచియుంటారు. దానికి రంధ్రాలు గల అట్టలు వరుసగా కుట్టి తగిలిస్తారు. అట్టలో రంధ్రమున్న చోట పడుగు పోగు పైకి లేస్తుంది, లేని చోట లేవదు. ఆ లేచిన పోగుల క్రిందుగా నాడె దాటుతుంది. అలా ఒక్కొక్క అట్టతో అంచు మీద హంసయో, కొంగు మీద మామిడి పిందెయో రూపు దిద్దుకొంటుంది. ఫ్రాన్సు దేశంలోని లియాన్ నగరానికి చెందిన జోసెఫ్ మరీ జకార్డు 1804లో ఈ పరికరాన్ని రూపొందించాడు. ఈ అట్టలను చూచియే ఇంగ్లాండులో చార్లెస్ బాబేజి తన గణన యంత్రానికి ఆజ్ఞలను అట్టల ద్వారా అందించాలని తలంచాడు. 1890లో అమెరికా జనాభా లెక్కలను కూడ రంధ్రాల అట్టలతోనే లెక్కించారు. కంప్యూటరు ప్రోగ్రాముకు మగ్గం ఒక పూర్వీకురాలు అన్నమాట.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. అట్టలో ఒక రంధ్రం తప్పుగా పడితే, ఆ నమూనా వచ్చిన ప్రతిసారీ అదే తప్పు చీరలో కనబడుతుంది. నేసిన బట్టను ఎంత సరిచేసినా ప్రయోజనం లేదు, అట్టనే మార్చాలి. ప్రోగ్రాములో తప్పు కూడ అటువంటిదే.

ఆగిపోవడం నేర్చిన మగ్గం

జపాను దేశంలో సకిచి టొయోడా అనే వ్యక్తి 1924లో ఒక స్వయంచాలక మగ్గాన్ని సిద్ధపరచాడు. పోగు తెగిన వెంటనే అది తనంతట తానే ఆగిపోయేది. అలా ఆగని యంత్రపు మగ్గాలు పోగు తెగినా నడుస్తూనే ఉండి, గజాల కొలది బట్టను పాడుచేసేవి. 1929లో ఆ మగ్గపు హక్కులను ఇంగ్లాండు కంపెనీ ఒకటి కొన్నది. ఆయన కుమారుడు కిచిరో కార్ల తయారీకి పూనుకొనగా, 1937లో టొయోటా మోటారు కంపెనీ ఏర్పడింది. తండ్రి మగ్గంలోని సూత్రం ఆ కంపెనీ కార్ఖానాలకూ వచ్చింది. లోపం చూచిన పనివాడు ఎవరైనా సరే తాడు లాగి సహాయం పిలువవచ్చు, అవసరమైతే పని వరుసంతా ఆగుతుంది. ప్రతి దినము చిన్న చిన్న మార్పులతో పనిని మెరుగుపరచుకొనే పద్ధతికి జపాను వారు కైజెన్ అని పేరుపెట్టారు.

ఈ ఆలోచనే సాఫ్ట్‌వేర్ రంగానికీ వచ్చింది. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో 17 మంది నిపుణులు కూడి, ఎజైల్ అనే పద్ధతికి మూలసూత్రాలు వ్రాశారు. పనిని చిన్న భాగాలుగా అందించాలి, జట్టంతా అప్పుడప్పుడు కూర్చుని మన పనితీరును ఎలా బాగుచేసుకొందామని ఆలోచించాలి, ఎంతకాలమైనా అలసిపోకుండా సాగగల వేగంతోనే పనిచేయాలి అన్నవి వాటిలో కొన్ని. నేడు అనేక కంపెనీలలో ప్రోగ్రాములో చిన్న మార్పు చేసినా పరీక్షలు వాటంతట అవే నడుస్తాయి. ఒక్కటి తప్పినా మార్పు ముందుకు పోదు. అదియే పోగు తెగగానే ఆగే మగ్గం.

ఎవరు? కాదు, ఎందుకు?

అయితే ఒక ప్రశ్న. యంత్రము ఆగినంత సులువుగా మనిషి ఆగి, "ఇక్కడ తప్పు జరిగింది" అని చెప్పగలడా? తిట్లు పడతాయనో, ఉద్యోగం పోతుందనో భయముంటే చెప్పడు, దాచుతాడు. దాచిన లోపం పెరిగి, ఒకనాడు అర్ధరాత్రి అందరినీ నిద్ర లేపుతుంది.

టొయోటాలో తాయిచి ఓనో అనే ఇంజనీరు "ఎందుకు" అని ఐదు సార్లు అడగమని నేర్పాడు. ఒక ఆఫీసులో కొందరికి జీతం తక్కువ పడిందనుకోండి. ఎందుకు? సెలవులు రెండుసార్లు లెక్కకు వచ్చాయి. ఎందుకు? ఇద్దరు గుమాస్తాలు వేర్వేరుగా నమోదు చేశారు. ప్రోగ్రాము ఎందుకు ఆపలేదు? ఆ పరీక్ష పెట్టలేదు. ఎందుకు పెట్టలేదు? సమయం చాలలేదు. ఎందుకు చాలలేదు? పనిచేసేవారిని అడగకుండానే పైవారు తేదీ ఒప్పుకొన్నారు. చూచారా? గుమాస్తాను గద్దించి ఊరుకొంటే మరుసటి నెల మళ్లీ అదే కథ.

అభివృద్ధి పేరిట పనివాని మీద భారం పెంచడం కైజెన్ కాదని యజమానులు గ్రహించాలి. అలసిన చేతిలో పోగులు ఎక్కువగా తెగుతాయి. విశ్రాంతి కూడ పనిలో ఒక భాగమే.

ప్రియ యౌవనస్థులారా, తప్పు కనబడిన దినమే చెప్పండి. సాయంకాలం ఐదు నిమిషాలు కూర్చుని, ఈ దినము ఏది అడ్డుపడింది, రేపు ఏ ఒక్కటి మార్చుకొందును అని వ్రాసుకొనండి. ప్రియ తలిదండ్రులారా, బెంగళూరులోని కుమారుడో కుమార్తెయో ఫోను చేసినప్పుడు జీతం పెరిగిందా అని మాత్రమే అడగకండి. పని ఎలా ఉన్నది, నిద్ర పడుతున్నదా అని కూడ అడగండి. పరీక్షలో మార్కులు తగ్గిన సంగతి ఇంట్లో నిర్భయంగా చెప్పగలిగిన బిడ్డ, రేపు ఆఫీసులోనూ తప్పును దాచడు.

నేతగాడు తెగిన పోగును చూచి సిగ్గుపడడు. మగ్గం ఆపి, ముడివేసి, మళ్లీ నాడె అందుకొంటాడు. మన ఇళ్లలోను, ఆఫీసులలోను ఆ ధైర్యమే అలవాటు కావాలి.