మరణ నివేదికలో కిడ్నీ జబ్బు పేరు రాయించండి

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం కొబ్బరి, జీడి తోటలకు పెట్టింది పేరు. కవిటి, సోంపేట, కంచిలి మండలాల్లో ఆ తోటల్లో పనిచేసే కూలీలను ఏళ్ళ తరబడి కిడ్నీ జబ్బు పొట్టన పెట్టుకుంటోంది. ఫలానాదే కారణమని ఇంకా తేలలేదు. తేలాలంటే ఎవరు, ఏ ఊళ్ళో, ఏ వయసులో పోయారో ముందు లెక్క ఉండాలి.

ఆ లెక్క మన ఇళ్ళలోనే తప్పుతోంది. ఆస్పత్రిలో ఇక లాభం లేదంటే మనిషిని ఇంటికి తెచ్చేస్తాం. పోయాక 'గుండె ఆగింది' అని రాయించేస్తాం. ఎవరు పోయినా చివరికి ఆగేది గుండే కదా! దాన్ని ఆపిన జబ్బు పేరు కాగితంలో ఉండాలి.

రైతు కూలీ సోదరులారా! మరణాన్ని 21 రోజుల్లోపు పంచాయతీలో నమోదు చేయించండి. అప్పటిదాకా రుసుము లేదు. డయాలసిస్ చీటీలు, క్రియాటినిన్ రిపోర్టులు పారెయ్యకండి. చివరిసారి వైద్యం చేసిన డాక్టరుకు అవి చూపించి, మరణ కారణం సర్టిఫికెట్ అడగండి. చట్టం ప్రకారం దాన్ని ఉచితంగా ఇవ్వాలి. మరణ నివేదిక ఫారం 2లో వృత్తి గడి కూడా ఉంటుంది. ఖాళీగా వదలకుండా 'వ్యవసాయ కూలీ' అని రాయించండి.

పోయిన మనిషి తిరిగి రాడు. కాగితం సరిగా ఉంటే, ముందుగా ఏ ఊళ్ళో రక్త పరీక్షలు చేయాలో అధికారులకు తెలుస్తుంది.